కాన్పు వేళకు సిద్ధపాటు

(శతాబ్ది సంవత్సరపు స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



స్త్రీల ఆరోగ్యమునుగూర్చి సంఘమునకు గల బాధ్యత అను అంశముపై మాట్లాడుమని మమ్మును కోరినారు. అది చాల విశాలమైన అంశము. అందులో ఒక చిన్న భాగమును మాత్రమే మేము తీసికొనుచున్నాము. నిండు చూలాలైన స్త్రీకి, బిడ్డను కను ఆ చివరి గడియలో ఎప్పుడు ముక్కవలెనో, ఎట్లు ముక్కవలెనో, ఎప్పుడు ముక్కకూడదో ముందుగా నేర్పుట అనునదే ఆ భాగము.

ఇది గురువులు మాట్లాడవలసిన సంగతేనా అని మీలో కొందరు తలంచవచ్చును. ఆ సంకోచము మాకును ఉండెను. వేదాంత కళాశాలలో మాకు హెబ్రీ, గ్రీకు భాషలు నేర్పినారు గాని కాన్పు సంగతి ఎవరును నేర్పలేదు. ఇప్పుడు ‘మేము’ అని చెప్పుచున్నప్పుడు మాతోకూడ మా ఇంటివారును, మా సంఘములోని రిటైరైన నర్సమ్మగారును ఉన్నారని గ్రహింపగోరుచున్నాము. నేర్పినది వారు. మేము గది తలుపు తీసి చాపలు పరచినవారము.

ఒక రాత్రి జరిగిన సంగతి

కొన్ని సంవత్సరముల క్రిందట మేము సేవ చేయుచుండిన ఒక పాస్టరేటులో రాత్రి పదకొండు గంటలకు ఒక యౌవనస్థుడు వచ్చి తలుపు తట్టినాడు. “అయ్యగారూ, మా ఇంటిదానికి నొప్పులొస్తున్నాయి. పొద్దున్నుంచీ పడుతూనే ఉంది. ఒక్కసారి వచ్చి ప్రార్థన చెయ్యండి” అన్నాడు. ఆమెకు అది తొలి కాన్పు. మేము వెళ్ళి ఆసుపత్రి వరండాలో బల్లమీద కూర్చున్నాము. లోపలనుండి మాకు వినబడినది ఒక్కటే మాట. “ముక్కు! ముక్కమ్మా! గట్టిగా ముక్కు!” తలుపు దగ్గర నిలిచిన అత్తగారును అదే కేక వేయుచున్నది. నడుమ నడుమ తిట్లు వినబడినవి. ఒకసారి తొడమీద కొట్టిన చప్పుడు కూడ వినబడినది. మేము తలవంచుకొని ప్రార్థించుచుంటిమి.

తెల్లవారుజామున పనిముట్ల సాయముతో బిడ్డను తీసినారు. బిడ్డ వెంటనే ఏడ్వలేదు. పదకొండు దినములు అద్దాల పెట్టెలో ఉంచవలసి వచ్చినది. దేవుని కృపవలన తల్లియు బిడ్డయు బ్రదికినారు. ఆదివారమున గుడిలో స్తోత్రము చెల్లించినాము. అంతటితో సంగతి ముగిసినదనుకొన్నాము.

నెల దాటిన తరువాత మా ఇంటివారు ఆ బాలింతను చూడ వెళ్ళినారు. అప్పుడామె చెప్పిన మాటలు ఇవి: “అమ్మగారూ, మొదటి నొప్పి వచ్చినప్పుడే మా అత్త ముక్కమంది. ముక్కాను. ఆటోలో ముక్కాను. మంచం ఎక్కాక ముక్కాను. తీరా బిడ్డ వచ్చే వేళకి నాలో ఏమీ మిగల్లేదు. నీకు కనడం చేతకావటం లేదని అందరూ తిట్టారు. ఎలా కనాలో నాకెవరు చెప్పారు? అయ్యగారు బయట కూర్చుని ప్రార్థన చేశారని తెలుసు. పెళ్ళికి ముందు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి ఎన్నో చెప్పారు కదా. ఇదొక్కటి ఎందుకు చెప్పించలేదు?”

ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయినది. ఆమె మమ్మును నిందింపలేదు. అడిగినది, అంతే. అయితే ఆ మాట మమ్మును విడువలేదు.

వాక్యము ఏమి చూపుచున్నది

యెషయా గ్రంథము 37వ అధ్యాయము 3వ వచనమును మీరు ఇంటికి వెళ్ళిన తరువాత చదువుడి. అష్షూరు సేన యెరూషలేమును చుట్టుముట్టబోవు దినములలో రాజైన హిజ్కియా గోనెపట్ట కట్టుకొని ప్రవక్త యొద్దకు మనుష్యులను పంపినాడు. తన జనుల దుస్థితిని చెప్పుటకు ఆయన కాన్పు మంచమునే గురుతు చేసికొన్నాడు. బిడ్డ ద్వారమువరకు వచ్చియున్నది, కనుటకు మాత్రము తల్లికి బలము చాలలేదు, అని ఆ వర్తమానపు భావము. ఒక రాజు తన రాజ్యమంతటికి వచ్చిన ఆపదను చెప్పుటకు ఇంతకంటె పెద్ద పోలిక దొరకలేదన్నమాట.

ఆ వచనము చదివినప్పుడెల్ల మాకు ఆ వరండా జ్ఞాపకము వచ్చును. ఆ చిన్నదానికి దేవుడు బలము ఇయ్యలేదా? ఇచ్చినాడు. ఆ బలమును వేళకాని వేళలో వ్యయపరచునట్లు చేసినది మనము. ఈ సాయంకాలము మేము చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటలోనే ఉన్నది. కనుటకు కావలసిన బలము దేవుడు తల్లికి ఇచ్చియున్నాడు. దానిని వ్యర్థము చేయక వేళకు వాడుకొనుట నేర్పవలసినవారము మనము.

ఆదికాండము మూడవ అధ్యాయమును పట్టుకొని, స్త్రీ నొప్పి పడుట దేవుని తీర్పు గనుక దానిని తగ్గింప చూచుట తగదని చెప్పినవారు పూర్వము ఉండిరి. 1847లో ఎడిన్‌బరో పట్టణమున డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పు నొప్పులకు క్లోరోఫారము వాడినప్పుడు ఇట్టి అభ్యంతరము లేచినది. సింప్సన్ ఆ వాక్యమునుండియే జవాబు వ్రాసినాడు. అక్కడి హెబ్రీ మాటకు ప్రయాసము అను అర్థము కలదనియు, ఆదాము ప్రక్కటెముకను తీయకమునుపు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేసెననియు చూపినాడు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో ఆ మందునే తీసికొన్నది. ఇంగ్లాండులో డాక్టరు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో ప్రచురించిన పుస్తకములో మరియొక సంగతిని తెలియజేసినాడు. భయము ఒంటిని బిగియజేయును, బిగిసిన ఒళ్ళు నొప్పిని పెంచును, పెరిగిన నొప్పి మరల భయమును పెంచును. తెలియనితనము తీసివేసినయెడల ఈ చక్రము నెమ్మదించునని ఆయన బోధ. ఇట్టి శిక్షణ క్రైస్తవ విశ్వాసమునకు విరుద్ధము కాదని 1956లో రోమను కతోలిక సంఘాధిపతి పోపు పన్నెండవ పయస్ కూడ ప్రకటించినాడు.

వాక్యములో కాన్పు జరిగిన చోట్ల చూడుడి. ఎఫ్రాతా మార్గమున రాహేలు ప్రసవ వేదన పడినప్పుడు మంత్రసాని ఆమె ప్రక్కనుండి భయపడవద్దని ధైర్యము చెప్పినది. ఫీనెహాసు భార్య కనినప్పుడును ఆమె చుట్టు నిలిచిన స్త్రీలు అట్లే చెప్పినారు. నిర్గమకాండము మొదటి అధ్యాయములో షిఫ్రా, పూయా అను మంత్రసానుల పేర్లు వ్రాయబడినవి గాని ఆ ఫరో పేరు వ్రాయబడలేదు. దేవుడు ఎవరి పనిని జ్ఞాపకముంచుకొనునో దీనివలన తెలియుచున్నది. మన ప్రభువు తన శిష్యుల దుఃఖము సంతోషముగా మారునని చెప్పుటకు ప్రసవించు స్త్రీనే చూపినాడు. ఆయన సిగ్గుపడక చెప్పిన సంగతిని చెప్పుటకు ఆయన సేవకులు ఏల సిగ్గుపడవలెను?

మన పెద్దలు నడచిన త్రోవ

ఇది మన దేశపు సంఘములకు క్రొత్త పని కాదు. 1883లో అమెరికానుండి గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా సారా కుగ్లరమ్మగారు స్త్రీలకు, పిల్లలకు వైద్యము చేయుచు, 1898లో అక్కడ ఆసుపత్రి తెరచినారు. 1930లో గుంటూరులోనే కన్నుమూసినారు. వేలూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడ్డరమ్మగారి సంగతి మీలో అనేకులు ఎరుగుదురు. ఆమె యౌవనములో తిండివనమున తలిదండ్రులయొద్ద ఉన్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తరువాత ఒకరు వచ్చి కాన్పు కష్టములోనున్న తమ భార్యలకు సహాయము చేయుమని ఆమెను బ్రతిమాలినారు. ఆమె తండ్రి వైద్యుడే. అయితే పురుష వైద్యుడు లోపలికి వచ్చుటకు ఆ భర్తలు ఒప్పుకొనలేదు. ఆమెకు వైద్యము రాదు. తెల్లవారిన తరువాత విచారింపగా ముగ్గురు స్త్రీలును చనిపోయిరని తెలిసినది. ఆమె ఆ రాత్రి ప్రార్థించినది. ప్రార్థించి అంతటితో ఊరకుండలేదు. అమెరికా వెళ్ళి వైద్యము చదువుకొని 1900లో తిరిగి వచ్చినది. 1918లో వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచినది. ప్రార్థన నేర్చుకొనుటకు నడిపింపవలెనని మేము ఆమె జీవితమునుండి గ్రహించినాము.

నేడు కాలము మారినది. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా, తెలంగాణలో 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. ఇందునుబట్టి దేవునికి స్తోత్రము. అయితే అదే సర్వేలో, నూరు కాన్పులలో పెద్దాపరేషనుతో జరిగినవి దేశమంతటి మీద సుమారు 21 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60కు పైగా. దీనికి కారణములు అనేకములు. వాటినన్నిటిని తీర్పు తీర్చుట మా పని కాదు. కాని “ఆ నొప్పులు నేను పడలేను, కోసి తీసేయమనండి” అని మొదటి నెలలోనే చెప్పు కోడళ్ళను మేము చూచుచున్నాము. వారిది సోమరితనము కాదు, భయము. ఆసుపత్రి దగ్గరకు వచ్చినది గాని భయము దూరము కాలేదు.

చాపలమీద కూర్చుండి నేర్చిన పాఠము

అందుచేత గుడి ప్రక్క గదిలో, శనివారము మధ్యాహ్నమున, ఏడు నెలలు నిండిన స్త్రీలకు ఒక తరగతి ప్రారంభించినాము. వారితోకూడ వారి తల్లి గాని అత్తగారు గాని రావలెనని నియమము పెట్టినాము. మొదటి దినమున ఒక పెద్దావిడ లేచి, “మాకెవరు నేర్పారు? మేము కనలేదా?” అని అడిగినది. నర్సమ్మగారు నెమ్మదిగా, “కన్నారు వదినగారూ. కనలేక పోయినవాళ్ళు ఈ మాట అడగడానికి మన మధ్య లేరు” అన్నారు. గదిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత ఆ పెద్దావిడయే తన చెల్లెలి సంగతి చెప్పి కన్నీళ్ళు విడిచినది. నాటినుండి ఆమె ఒక్క శనివారమును మానలేదు.

నర్సమ్మగారు నేర్పినవాటిని మాకు తెలిసినంతమట్టుకు చెప్పుదుము. మీ ఇంటిలోని ఆడపిల్లలకు చెప్పునిమిత్తము జాగ్రత్తగా వినుడి.

మొదటిది, నొప్పి వచ్చినదని ముక్కకూడదు. మొదటి గంటల నొప్పులు గర్భసంచి ముఖద్వారమును తెరచు నొప్పులు. ఆ ద్వారము పది సెంటీమీటర్లు, అనగా సుమారు నాలుగు అంగుళములు, తెరచుకొనవలెను. తొలి కాన్పులో దీనికి చాల గంటలు పట్టును. అంతవరకు నడువవచ్చును, కూర్చుండవచ్చును, ప్రక్కకు తిరిగి పండుకొనవచ్చును. డాక్టరు వద్దననియెడల కొద్దికొద్దిగా త్రాగవచ్చును. తరచుగా మూత్రమునకు వెళ్ళవలెను. మూసియున్న తలుపును భుజముతో తోసినయెడల భుజము నొచ్చును గాని తలుపు తెరచుకొనదు. ద్వారము తెరవకముందు ముక్కినయెడల తల్లి అలసిపోవును, ద్వారము వాచుటయు కలదు.

రెండవది, వేళకు ముందే ముక్కవలెననిపించినయెడల నర్సుకు వెంటనే చెప్పవలెను. ఇంకను ఆగుమని ఆమె చెప్పినప్పుడు నోరు కొంచెము తెరచి, వేడి కాఫీని చల్లార్చినట్లు చిన్న చిన్నగా ఊదవలెను. ఊదుచున్నవారు గట్టిగా ముక్కలేరు. ఇది ఇంటిలో అభ్యాసము చేయవచ్చును.

మూడవది, ద్వారము పూర్తిగా తెరచుకొన్న తరువాత ముక్కవలెనను కోరిక దానంతట అదే వచ్చును. అది దొడ్డికి వచ్చినట్లే ఉండును. ఇక్కడనే మన ఆడపిల్లలు సిగ్గుచేత బిగపట్టుకొందురు. బిడ్డ తల దిగుచు ప్రేగును నొక్కుటవలన అట్లు అనిపించును. ఆ వేళ కొంచెము మలము పడినను తప్పు లేదు, నర్సులు దానిని ఎరుగుదురు. కొందరికి ద్వారము తెరచుకొన్న తరువాత కొంతసేపు కోరిక రాదు. తల్లియు బిడ్డయు క్షేమముగా ఉన్నంతవరకు అది దేవుడిచ్చిన విశ్రాంతి అనుకొనవలెను. వెన్నులోనికి సూదిమందు ఇచ్చి నొప్పి తగ్గించినప్పుడు ఆ కోరిక సరిగా తెలియదు. అప్పుడు ఆసుపత్రివారు చెప్పినట్లు చేయవలెను.

నాలుగవది, ముక్కు విధము. నొప్పి అల వలె లేచును. అది లేచునప్పుడు ఒకటి రెండు మామూలు ఊపిరులు తీసికొని, కోరిక వచ్చినప్పుడు గడ్డము కొంచెము రొమ్మువైపు వంచి, బలమును క్రిందికి పంపవలెను. ముఖము ఎఱ్ఱబడి, మెడ నరములు ఉబ్బి, గొంతులో కేక మిగిలినయెడల బలము పైకి పోయినదని గురుతు. కోరిక ఉన్నంతసేపు, సుమారు అయిదారు సెకండ్లు ముక్కి, ఊపిరి విడిచి, మరల తీసికొని ముక్కవచ్చును. ఒక్క నొప్పిలో ఇట్లు మూడు నాలుగుసార్లు వచ్చును. మూలుగు వచ్చినయెడల రానిండి. చాలసేపు ఊపిరి బిగబట్టుట బిడ్డకు అందు ప్రాణవాయువును తగ్గించవచ్చునని ఉరుగ్వే దేశపు వైద్యుడు కాల్డెయ్‌రో-బార్సియా 1979లో ప్రచురించిన పరిశీలనలో చూపినాడు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన సూచనలలోను, ఈ దశలో స్త్రీ తన ఒంటిలో పుట్టిన కోరికను అనుసరించి ముక్కునట్లు ఆమెను ప్రోత్సహింపవలెనని ఉన్నది. కేకలు వేయుమని లేదు.

అయిదవది, నొప్పికి నొప్పికి నడుమ ఏమియు చేయకూడదు. నొప్పి తగ్గగానే దవడ వదలు చేసి, భుజములు జారవిడిచి, కన్నులు మూసికొనవలెను. మా తరగతిలో స్త్రీలు నేర్చుకొనుటకు కష్టపడినది ఇదే. మన స్త్రీలకు పని చేయుట తెలియును, విశ్రమించుట తెలియదు. పంట కోయువారు కొడవలికి పదును పెట్టుకొను సమయము నష్టము కాదు గదా!

ఆరవది, ఒళ్ళు ఉంచు విధము. వెల్లకిల పండుకొని కాళ్ళు పైకెత్తి ముక్కుట ఏటికి ఎదురీదుట వంటిది. వీపుకు ఆనుకొని కూర్చుండుట, ఎడమ ప్రక్కకు తిరుగుట, మోకాళ్ళమీద చేతులమీద ఉండుట, గొంతుక్కూర్చుండుట, వీటిలో ఆమెకు ఏది హాయి అనిపించునో ఆసుపత్రివారి సమ్మతితో అది ఎన్నుకొనవలెను. పూర్వము దూలమునకు త్రాడు కట్టి దానిని పట్టుకొని కనెడివారమని మా సంఘములోని ముసలమ్మలు చెప్పగా, నర్సమ్మగారు నవ్వి, అందులో జ్ఞానము ఉన్నదని చెప్పినారు. పొట్టమీద పైనుండి చేతులతో అదుముట మాత్రము ఎవరు చేసినను మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వద్దన్నది.

ఏడవది, బిడ్డ తల కనబడి మంట పుట్టినప్పుడు ముక్కుట ఆపవలెను. అప్పుడు నర్సు “ఆగు, ఊదు” అని చెప్పును. ఆ ఒక్క నిమిషము చిన్నగా ఊదుచుండినయెడల తల మెల్లగా వచ్చును, చర్మము తక్కువగా చిరుగును. అంతసేపు ముక్కుమని చెప్పించుకొన్నవారికి ఈ ఆగుట ముందు తెలిసియుండవలెను. లేనియెడల ఆ క్షణమున వినబడదు.

గర్భముతో ఉన్నప్పుడు ఇంటిలో నిజముగా ముక్కి అభ్యాసము చేయకూడదు. ఊదుట, ఒళ్ళు వదులు చేయుట, మూత్రము ఆపుకొన్నట్లు కండరమును బిగించి మెల్లగా వదలుట, కూర్చుండు విధములు, ఇవి చాలును. వదలుట ముఖ్యము. పూర్తిగా తెరచుకొన్న తరువాత తొలి కాన్పులో సాధారణముగా మూడు గంటలలోపల, తరువాతి కాన్పులలో రెండు గంటలలోపల బిడ్డ పుట్టును. ఇది తెలిసిన తల్లి అరగంటకే నిరాశపడదు. రక్తము పోయినను, ఉమ్మనీరు పచ్చగా పోయినను, బిడ్డ కదలిక తగ్గినను, విపరీతమైన తలనొప్పి గాని మూర్ఛ గాని వచ్చినను అభ్యాసముల మాట విడిచి తక్షణమే ఆసుపత్రికి తీసికొని వెళ్ళవలెను. 108కు ఫోను చేయుటకు ప్రార్థన ముగియువరకు ఆగనక్కరలేదు. బండిలో కూర్చుండి ప్రార్థింపవచ్చును.

మేము చేసిన తప్పు

ఒక సంగతి దాచక చెప్పవలెను. మా తరగతికి శ్రద్ధగా వచ్చిన ఒక చెల్లెలికి, మూడు గంటలు ప్రయాసపడిన తరువాత, బిడ్డ గుండె నెమ్మదించుటచేత పెద్దాపరేషను చేయవలసి వచ్చినది. బిడ్డ క్షేమమే. మేము చూడ వెళ్ళగా ఆమె ముఖము గోడవైపు త్రిప్పుకొని, “అయ్యగారూ, నేర్పినట్టు చెయ్యలేకపోయాను. తప్పిపోయాను” అని ఏడ్చినది.

అప్పుడు మా కన్నులు తెరువబడినవి. భయము తీయుటకు ప్రారంభించిన పాఠమును మేము తెలియకయే పరీక్షగా మార్చినాము. చక్కగా కనినవారిని గుడిలో ముందు నిలువబెట్టి చప్పట్లు కొట్టించినాము. వెనుక కూర్చున్న చెల్లెలి మనస్సు ఎట్లుండునో తలంచలేదు. నాటినుండి ప్రతి తరగతి మొదటను నర్సమ్మగారు ఈ మాట చెప్పుదురు: “అమ్మా, ఇక్కడ నేర్చుకొన్నది నీకు సాయపడేందుకు. నీకు మార్కులు వేసేందుకు కాదు. బిడ్డ ఏ దారిన వచ్చినా నువ్వే కన్నావు.” కడుపు కోయించుకొని కనిన తల్లి తక్కువ తల్లి కాదు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లి విశ్వాసము లేనిది కాదు. రాహేలు ధైర్యవచనము వినియు మార్గములో మరణించినది. ఆమె తప్పు చేసెనని వాక్యము చెప్పుట లేదు. యాకోబు ఆమె సమాధిమీద స్తంభము నిలిపి గౌరవించినాడు. మనమును తల్లులను ఫలితమునుబట్టి కాక, ప్రయాసమునుబట్టి గౌరవింపవలెను.

ఇంటివారికి ఒక మాట

అత్తగార్లారా, తల్లులారా, మీ నోటి మాటకు ఆ గదిలో గొప్ప బలము ఉన్నది. “ఊపిరి తీసుకో తల్లీ, నేనున్నాను” అని చెప్పుడి. 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు సమయమున ఒక తోడును ఉండనీయవచ్చునని తెలిపినది. వెళ్ళకమునుపే మర్యాదగా అడిగి తెలిసికొనుడి. భర్తలారా, చివరి శనివారము మీకని పెట్టినాము. నడుము ఎక్కడ నొక్కవలెనో, చేయి ఎట్లు పట్టుకొనవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో నేర్చుకొనుడి. మొదట ఇద్దరే వచ్చినారు, వారును తలుపు దగ్గర నిలిచినారు. ఇప్పుడు చాపలు చాలుట లేదు.

నర్సులుగా సేవ చేయు మన కుమార్తెలకును ఒక మాట. మీ పని ఎంత భారమో మేము ఎరుగుదుము. ఒకే రాత్రి ఎన్ని కాన్పులు మీ చేతులమీదుగా జరుగునో ఎరుగుదుము. అయినను మంచము మీద ఉన్న స్త్రీ మీ మాట తప్ప మరేమియు పట్టుకొనుటకు లేనిదని మరువకుడి. చేయి చేసికొనుట ఎవరికిని బలము ఇయ్యదు.

ముగింపు

మొదట మేము చెప్పిన ఆ స్త్రీ సంగతితో ముగించెదము. మూడు సంవత్సరముల తరువాత ఆమె రెండవసారి గర్భవతియై మా తరగతికి వచ్చినది. వెనుక వరుసలో కూర్చుండెను. ఆమె ప్రక్కన అదే అత్తగారు. కాన్పు రోజున మేము మరల ఆ వరండాలోనే కూర్చుంటిమి. లోపలనుండి ఈసారి కేకలు వినబడలేదు. అత్తగారి గొంతు మాత్రము మెల్లగా వినబడినది: “ఆగు, ఊదు. అంతే. ఇప్పుడు కాదు. ఇప్పుడు కాదు తల్లీ.” తరువాత కొంతసేపటికి బిడ్డ ఏడ్పు. ఆడపిల్ల. రెండవ కాన్పు సులువుగా జరుగుట సహజమని నర్సమ్మగారు మాకు చెప్పకపోలేదు. అయినను ఆ తల్లి మా ఇంటివారితో, “అమ్మగారూ, నొప్పి అంతే ఉంది. కాని ఈసారి నేను ఒంటరిగా లేను, ఏం జరుగుతోందో నాకు తెలుసు” అన్నది.

నూరు సంవత్సరములుగా ఈ డయాసిస్‌లో మన పెద్దలు గుడులు కట్టినారు, బడులు పెట్టినారు. రాబోవు నూరు సంవత్సరములకు పెద్ద కట్టడములే కావలెనని లేదు. ప్రతి పాస్టరేటులో ఒక గది, నాలుగు చాపలు, రెండు దిండ్లు, అనుభవముగల ఒక నర్సమ్మ, నెలకు రెండు శనివారములు. ఇంతమాత్రము చేయగలము. ఈ కూడిక ముగిసి ఇంటికి వెళ్ళకమునుపు మీ సంఘములో ఈ నెలలో నిండు నెలలతోనున్న స్త్రీలు ఎందరో లెక్కించి చూడుడి. వారిలో ఒక్కతెయైనను తెలియనితనముచేత తన బలమును వ్యర్థపరచుకొని, నాకెవరు చెప్పారని అడుగు స్థితి రాకుండ చూతము.

గర్భమునుండి మనలను బయటికి తీసిన దేవుడు మన తల్లులకును, కుమార్తెలకును, వారి ప్రక్కన నిలుచువారికిని తోడైయుండును గాక. ఆమేన్.